నేలలోని సాక్షులు

మన పల్లెలలో పొలము దున్నునపుడును, నూతులు త్రవ్వునపుడును పూర్వకాలపు వస్తువులు బయల్పడుట అరుదు కాదు. నాణెములైనచో మూసలో కరగును. శాసనశిల యైనచో చాకిరేవున బండ యగును. ఇట్టి వస్తువులను, అవి దొరకిన స్థలములను ప్రభుత్వపు పట్టికలో వ్రాయించుట ప్రతి పౌరునికిని, విశేషించి ఉపాధ్యాయులకును విద్యార్థులకును విధి యని మా యభిప్రాయము.

భట్టిప్రోలు సంగతి చూడుడు. అచ్చటి బౌద్ధస్తూపపు ఇటుకలు పందొమ్మిదవ శతాబ్దమున రోడ్డు పనులకు పోయెను. చలువరాళ్లు కాలువ తూమునకు పోయెను. 1892లో అలెగ్జాండరు రే దొర మిగిలిన దిబ్బను త్రవ్వగా ధాతుకరండములు దొరకెను. వానిపైని వ్రాత దక్షిణ భారతమందలి మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలో నొకటిగా పండితులు గణించుచున్నారు. పలుగులు పారలు మరికొన్నాళ్లు సాగియుండినచో ఆ యక్షరములు మనకు దక్కెడివా?

వస్తువుతోపాటు అది దొరకిన చోటును తెలియవలెను. తిబెరి కైసరు ముఖముద్రగల వెండి దేనారములు దక్షిణ భారతమున పెక్కుచోట్ల లభించినవి. మన ప్రభువునకు చూపబడిన పన్ను నాణెము ఈ జాతిదే యని పలువురు పండితుల తలంపు. ఏ గ్రామమున, ఏ పాత్రలో, ఎన్ని దొరకెనో వ్రాసియుంచినచో అవి నాటి సముద్రవర్తకమునకు సాక్ష్యమిచ్చును. ఆ వివరము లేక చేతులు మారినచో వాని సాక్ష్యము సగము పోవును.

చెప్పినచో పొలము పోవునని రైతు భయపడును. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. పూర్వపు యజమాని తేలనిచో కనుగొనినవానికిని భూస్వామికిని అందు పాలు కలదు, ప్రభుత్వము తీసికొనినచో వెల యిచ్చును, దాచినవాడు శిక్షార్హుడు. ఇంటనున్న ప్రాచీన విగ్రహములను 1972 నాటి చట్టము ననుసరించి నమోదు చేయించినంత మాత్రమున యాజమాన్యము పోదు.

కాగితమున వ్రాసినచో రాయి నిలుచునా యని కొంద రడుగుదురు. కేంద్రప్రభుత్వ రక్షణలోని 92 కట్టడములు కానరాకున్నవని 2013లో కాగ్ నివేదిక తెలిపిన మాట నిజమే. ఐనను పట్టిక యుండుటచేతనే లోపించినవి యెన్నియో తేలినది. పేరు వ్రాయబడని దిబ్బ పోయినచో దానిని వెదకువా డెవడు?

ఇవి అన్యమతముల విగ్రహములు గదా, మన కేల యని సందేహించు సోదరులు కలరు. పూజించుట వేరు, సాక్ష్యమును కాపాడుట వేరు. అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ గలవారము, నిజసాక్ష్యము నశించుచుండ ఊరకుండ దగునా? మన ప్రాచీన దేవాలయములును సమాధిశిలలును సైతము ఇట్లే వ్రాయబడవలసియున్నవి.

కావున ప్రతి పాఠశాలయందును ఒక పుస్తక ముంచవలెను. విద్యార్థులు తమ గ్రామములందలి దిబ్బలను, శాసనములను, పాత నూతులను చూచి, త్రవ్వక, కదల్పక, రంగు పూయక, స్థలమును కొలతలును వ్రాసి, ఛాయాచిత్రము తీసి, ఒక ప్రతిని పురావస్తు శాఖకు పంపవలెను. ప్రభుత్వమువారును తెలుగు ఫారములను గ్రామ కార్యాలయములం దుంచి, వార్త తెచ్చినవానికి రశీదు నీయవలెను. నమ్మకము కుదిరినప్పుడే రైతు నాగలి నాపి కబురు పంపును.