కప్పు కారుతుంటే చట్టం ఏం చేస్తుంది?

హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న పాత కట్టడం ఒక్కరోజులో కూలదు. ముందు డాబా మీద వాననీరు పోయే తూము పూడుకుపోతుంది. నిలిచిన నీళ్లు గోడలోకి దిగుతాయి. పిట్టగోడ పగులులో రావి మొక్క మొలుస్తుంది. రెండు మూడు వానాకాలాలు గడిస్తే దాని వేరు రాతికీ రాతికీ మధ్య సందు చేసుకుంటుంది. మరమ్మతు పేరుతో ఎవరో సిమెంటు పూస్తారు. డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుంటూ, బయటికి వదులుతూ ఉంటుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపలే నానిన సున్నం పొడిపొడిగా రాలుతుంది. తర్వాత ఎవరో ఇంజనీరు వచ్చి ‘శిథిలావస్థ’ అని నివేదిక రాస్తాడు. పునరభివృద్ధి ప్రణాళికకు కావలసింది ఆ ఒక్క మాటే.

చట్టం లేకపోవడం వల్లే ఇదంతా జరుగుతోందనుకుంటే పొరపాటు. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లో 1995లో చేర్చిన 13వ నిబంధన కింద వందకు పైగా కట్టడాలు వారసత్వ జాబితాకెక్కాయి. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ నిబంధనను రద్దు చేసి, 2017లో వారసత్వ చట్టం తెచ్చింది. ఆ చట్టం వచ్చిన రెండేళ్లకే ఎర్రమంజిల్‌కు గండం వచ్చింది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఆ మహలును పడగొట్టి శాసనసభ భవనాలు కట్టాలని 2019లో మంత్రివర్గం నిర్ణయించింది. జూన్‌లో శంకుస్థాపన కూడా అయిపోయింది. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మహలు బతికింది, సరే. కానీ ఏ కోర్టు తీర్పూ కప్పు కారడాన్ని ఆపలేదు.

ఉస్మానియా ఆసుపత్రిదీ ఇదే బాధ. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దే క్రమంలో వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన భవనం అది. 2020 జులైలో వాన నీళ్లు వార్డుల్లోకి రావడంతో పాత భవనాన్ని ఖాళీ చేయించారు. రోగులను నీళ్లలో ఉంచమని ఎవరూ అనరు. అయితే రోగులకు కొత్త ఆసుపత్రి కావాలన్న వాదనకూ, పాత భవనం పోవాలన్న వాదనకూ ముడిపెట్టడమే తప్పు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగాక ఆ ముడి కొంత సడలింది.

ప్రైవేటు ఆస్తుల లెక్క వేరు. పాతబస్తీ బజార్లలో దేవిడీ, అంటే పాతకాలపు పెద్ద భవంతి, ఉన్నవారికి వారసత్వ జాబితాలో పేరెక్కడమంటే అంతస్తులు వేసుకునే వీలు పోవడమే. మరమ్మతు ఖర్చు మాత్రం వారి నెత్తినే. అలాంటి యజమాని రావి మొక్క పీకించకపోతే తప్పుపట్టడం తేలిక. అతడికి దక్కిందేమిటన్నది అడగాలి. ముంబయి తన 1995 వారసత్వ నిబంధనల్లోనే ఇందుకో దారి చూపింది. ఉన్నచోట కట్టుకోలేని విస్తీర్ణాన్ని మరోచోట వాడుకునేందుకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. ఖజానా నుంచి నగదు తీయకుండానే నష్టం పూడ్చే పద్ధతి ఇది. అయితే ఈ హక్కు కాగితం మీద ఉంటే చాలదు, కొనేవాళ్లూ ఉండాలి.

మొజంజాహీ మార్కెట్ ఏం చేయవచ్చో చూపింది. 1935 నాటి ఆ రాతి మార్కెట్‌ను తర్వాతి కాలపు పూతలు గీకి, సున్నపు పనితో బాగు చేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. దాన్ని మ్యూజియం చేయలేదు. దుకాణాలు నడుస్తున్నాయి, సాయంత్రమైతే ఐస్‌క్రీం కోసం జనం గుమిగూడుతున్నారు. వాడుకలో ఉన్న కట్టడంలో కప్పు కారితే ఆ రోజే ఎవరో ఒకరు అరుస్తారు. తాళం పడ్డ మహల్లో అరిచేవారుండరు.

ప్రభుత్వం కొత్త జాబితాల మాట తర్వాత చూడవచ్చు. ముందుగా తన చేతిలో ఉన్న పాత కట్టడాలకు ఏటా నిర్వహణ పద్దు కేటాయించి, తొలకరికి ముందే తూములు తీయించాలి.