ల్యామినేట్ నేల: పెట్టెపై అంకె వేరు, మన గది వేరు

కొత్తగా ఇల్లు కొన్నవారు పడకగదికి చెక్కనేల వేయించుకోవడం నేడు నగరాలలో సర్వసాధారణమైంది. టైల్స్ తవ్వనక్కరలేదు, సిమెంటు కలపనక్కరలేదు, రెండు రోజులలో పని పూర్తవుతుంది. చలికాలపు తెల్లవారుజామున పాలరాయిలా పాదాలను జివ్వుమనిపించదు. మోకాళ్ళ నొప్పులున్న వృద్ధులు ఇష్టపడతారంటే ఆశ్చర్యం లేదు. ఈ వ్యాసం ఆ నేలను వద్దనడానికి కాదు. దుకాణంలో రంగు, మెరుపు, ధర మాత్రమే చర్చకు వస్తాయి; ఊపిరితిత్తులకు సంబంధించిన ప్రశ్న ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడిగించడమే నా ఉద్దేశం.

పేరుకు చెక్కనేల అంటున్నాం గాని, అది చెట్టు నుండి కోసిన పలక కాదు. స్వీడన్ దేశంలో 1970ల చివర రూపుదిద్దుకొని, తరువాతి దశకంలో యూరప్ విపణిలోకి వచ్చిన ఈ పలకలో నాలుగు పొరలుంటాయి. పైన గీతలు పడకుండా అల్యూమినియం ఆక్సైడ్ కలిపిన పారదర్శకమైన మెలమిన్ పొర. దాని కింద టేకులాగానో ఓక్ లాగానో కనిపించే అచ్చు కాగితం. అంటే మనం ముచ్చటపడే ఆ చెక్క ఈనెలన్నీ ఫోటోయే. అడుగున పలక వంగిపోకుండా పట్టి ఉంచే మరొక పొర. మధ్యలో ఉన్నదే అసలు శరీరం: పీచుగా నలగగొట్టిన కలపను జిగురుతో కలిపి, వేడితో ఒత్తి తయారుచేసిన హెచ్.డి.ఎఫ్. పలక. వైద్యునిగా నా దృష్టి ఆ జిగురు మీదనే ఉంటుంది.

ఆ జిగురు సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్, లేదా దానిలో మెలమిన్ కలిపిన రకం. ఫార్మాల్డిహైడ్ అంటే మా వైద్య విద్యార్థులకు శవపరీక్షల గది గుర్తుకు వస్తుంది. ఫార్మలిన్ అన్నది దాని నీటి ద్రావణమే. పలక నుండి వెలువడేది అతి స్వల్ప పరిమాణం. అయినా మూసిన గదిలో అది చేరుతూ పోతే కళ్ళ మంట, గొంతు గరగర, ముక్కు కారడం, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగడం జరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీనిని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. గదిలోని గాలిలో ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటరాదని, అదీ అరగంట సగటు మీద, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

"ఇవన్నీ ఇ1 సర్టిఫికెట్ ఉన్నవే సార్" అంటాడు దుకాణదారు. నిజమే కావచ్చు. అయితే ఆ ఇ1 ఎలా వస్తుందో తెలుసుకోవాలి. యూరప్ పద్ధతిలో పలకను ఒక పరీక్షాపేటికలో ఉంచుతారు. అక్కడ ఉష్ణోగ్రత 23 డిగ్రీలు, గాలిలో తేమ 45 శాతం, గంటకొకసారి గాలి పూర్తిగా మారుతూ ఉంటుంది. ఆ స్థితిలో ఘనపు మీటరుకు 0.124 మిల్లీగ్రాము దాటకపోతే ఇ1. ఇప్పుడు మే నెలలో విజయవాడను, ఆగస్టులో కాకినాడను ఊహించండి. వేడి, తేమ పెరిగితే ఈ జిగురు విడిపోయే వేగమూ పెరుగుతుంది. పైగా ఏసీ కోసం తలుపులన్నీ బిగించిన పడకగదిలో గంటకొకసారి గాలి మారే మాటే లేదు. న్యాయంగా మరొక వైపూ చెప్పాలి: గది పరిమాణంతో పోల్చితే పేటికలో ఉంచే పలక వైశాల్యం మన గదినేల కంటె ఎక్కువ, పై మెలమిన్ పొర కూడా వాయువును కొంత ఆపుతుంది. అందుచేత భయపడవలసిన పని లేదు. కాని ఆ అంకె పేటికకు చెందినది, మీ గదికి చెందినది కాదు.

సర్టిఫికెట్ అన్న మాటనే నమ్మితే ఏమవుతుందో అమెరికా చూసింది. 2015 మార్చిలో అక్కడి ‘60 మినిట్స్’ టెలివిజన్ కార్యక్రమం, లంబర్ లిక్విడేటర్స్ అనే సంస్థ అమ్మిన చైనా తయారీ ల్యామినేట్ పలకలలో కాలిఫోర్నియా ప్రమాణానికి మించి ఫార్మాల్డిహైడ్ ఉన్నదని బయటపెట్టింది. పెట్టెల మీద మాత్రం ప్రమాణానికి లోబడినవనే ఉంది. ఆ ఏడాదే సంస్థ వాటి అమ్మకం నిలిపివేసింది. 2016 ఫిబ్రవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఇచ్చిన నివేదికలో లక్ష మందికి 2 నుండి 9 అదనపు క్యాన్సర్లు రావచ్చునని మొదట అంచనా వేశారు. గది పైకప్పు ఎత్తును అడుగుల నుండి మీటర్లలోకి మార్చడం మరచినట్లు తేలాక ఆ అంచనాను 6 నుండి 30కి సవరించారు. అంత పెద్ద సంస్థలోనే అడుగులు, మీటర్లు తారుమారైనప్పుడు, దుకాణదారు నోటిమాట మీద ఎంత ఆధారపడాలో మీరే ఆలోచించండి. కాలిఫోర్నియా రెండవ దశ ప్రమాణానికి సరిపోయిందన్న పరీక్షా పత్రాన్ని, బ్యాచ్ సంఖ్యతో సహా, చూపమని అడగండి.

ఇక అమరిక సంగతి. ఆరోగ్యం సగం ఇక్కడే చెడుతుంది. ఈ పలకలను నేలకు అతికించరు; ఒకదాని అంచు మరొకదానిలో బిగించి, పలుచని ఫోమ్ మీద తేలేలా పరుస్తారు. కింది గచ్చులో చెమ్మ ఉంటే పలక పీల్చుకొని ఉబ్బుతుంది; ఉబ్బినది మళ్ళీ సర్దుకోదు. అడుగున బూజు పడుతుంది. పైకి అద్దంలా ఉన్న నేల కింద బూజు ఉన్న సంగతి ఆయాసపడే పిల్లవాడికి తప్ప ఎవరికీ తెలియదు. కనుక ముందుగా ఒక పాలిథీన్ షీటును గచ్చు మీద పరచి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజు ఉంచండి. ఎత్తి చూస్తే నీటి బొట్లు గాని నల్లని మరక గాని కనిపిస్తే పని వాయిదా వేయండి. నేలను ఆనుకున్న ఇంటిలో, సముద్రతీరంలో నేనైతే ఈ నేల వద్దనే అంటాను. గోడ పక్కన 8 నుండి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, పెట్టెలను రెండు రోజులు అదే గదిలో ఉంచాలి. ఇవి పనివారికి తెలియనివి కావు, తొందరలో వదిలేసేవి.

బకెట్టు నీళ్ళతో తుడిచే మన అలవాటు ఈ నేలకు పనికిరాదు. బాగా పిండిన గుడ్డ చాలు. తడిసిన నేల మీద కాలు జారి తుంటి ఎముక విరగగొట్టుకునే ప్రమాదం వృద్ధులకు ఎలాగూ ఉండనే ఉంది.

పని పూర్తయ్యాక వాయువు వెలువడటం మొదటి వారాలలో ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గుతుంది. గృహప్రవేశ ముహూర్తానికి రెండు రోజుల ముందు నేల వేయించి, ఆ రాత్రే చంటిబిడ్డను ఆ గదిలో పడుకోబెట్టడం మానండి. కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచండి.

మరొక్క మాట, మనది కాని ఊపిరితిత్తుల గురించి. పలకలను కోసే కుర్రవాడు మూసిన గదిలో, ముఖానికి చేతిరుమాలు కట్టుకొని, పొద్దస్తమానం ఆ పొడి పీలుస్తాడు. కలప ధూళి కూడా క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే ఉంది. కోత పని బాల్కనీలోనో మేడమీదనో చేయించండి. ఎన్-95 మాస్కు మీరే కొని ఇవ్వండి.