సోకు మీటరు కాదు, ఆపద చెప్పే మీటరు కావాలి

ఏలూరు: కొల్లేటి లంక గ్రామంలో అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఏలూరు ఆస్పత్రికి చేర్చేది చాలాసార్లు ఊళ్లోని కిరాయి కారే. రెండు పక్కలా నీళ్లున్న రోడ్డు మీద ఆ కారు ఆవిర్లు కక్కి ఆగిపోతే రోగి గతి ఏమిటి? ఇంజను పట్టేసిన కారుకు నెలనెలా వాయిదాలు కట్టే యజమాని గతి ఏమిటి? పెట్రోలు ధరకు తట్టుకోలేక కార్లకు సీఎన్‌జీ కిట్లు పెట్టించినవారు ఈ ప్రశ్నలు ముందే వేసుకోవలసి ఉంది. కిట్టుతో పాటు బానెట్ కింద రెండో కంప్యూటర్ వచ్చి చేరుతోంది. ఇంజను మంచిచెడ్డలు చెప్పే డిజిటల్ మీటరు కొనేటప్పుడు మాత్రం రంగులకూ మెరుపులకూ ఇచ్చే విలువ పనికి ఇవ్వకపోవడం విచారకరం.

రెండు కంప్యూటర్లు, ఒకే డ్రైవరు

కారుతో వచ్చిన అసలు కంప్యూటర్ పెట్రోలు ఎంతసేపు చిమ్మాలో లెక్క కడుతుంది. నేటి ఇంజక్షన్ కార్లకు పెట్టే సీక్వెన్షియల్ కిట్టులోని కంప్యూటర్ ఆ లెక్కను మధ్యలో అందుకుని, దానికి తగ్గట్టు గ్యాస్ ఇంజక్టర్లను తెరుస్తుంది. బండి పెట్రోలు మీద స్టార్టయి, రెడ్యూసర్‌లో నీరు తగినంత వేడెక్కాక గ్యాస్‌కు మారుతుంది. ఇంత జరుగుతున్నా డ్రైవరుకు కనపడేది స్టీరింగ్ పక్కనున్న స్విచ్ మీది నాలుగైదు లైట్లే.

ఆ లైట్లు కూడా ఒక్కోసారి అబద్ధం చెబుతాయి. నాలుగు పచ్చ లైట్లు వెలుగుతున్నాయని ధైర్యంగా బయలుదేరితే తాడేపల్లిగూడెం చేరకముందే ఎర్ర లైటు వెలుగుతుంది. అది గ్యాస్ దొంగతనం కాకపోవచ్చు. గ్యాస్ ఒత్తిడి కొలిచే సెన్సర్లలో రకాలున్నాయి. ఏ రకం బిగించారో కిట్టు కంప్యూటర్‌లో సరిగా నమోదు చేయకపోతే లైట్లు తప్పే చూపిస్తాయి. పైగా సిలిండర్‌లో 200 బార్ల దాకా గ్యాస్ నింపినప్పుడు అది వేడెక్కి ఉంటుంది. చల్లారాక ఒత్తిడి కొంత తగ్గడం సహజం. కాబట్టి గ్యాస్ మీటరు మార్చదలచినవారు ముందు తమ కిట్టు ఏ కంపెనీదో చూసుకోవాలి. ఒక కంపెనీ స్విచ్ మరో కంపెనీ కంప్యూటర్‌తో సాధారణంగా కలవదు.

మూడు అంకెలు చాలు

ఇక బజారులో ఎక్కువగా అమ్ముడుపోయేది స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కు తగిలించే మీటరు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచే ఈ సాకెట్ తప్పనిసరి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 కార్లన్నిటికీ ఉంది. ఈ మీటరు చదివేది అసలు కంప్యూటర్‌నే గాని కిట్టు కంప్యూటర్‌ను కాదన్న సంగతి గమనార్హం. సిలిండర్‌లో గ్యాస్ ఎంత ఉందో ఇది చెప్పదు. సెన్సర్ లేని చోట ఏ మీటరూ అంకె పుట్టించలేదు. చాలా చిన్న కార్లలో ఇంజన్ ఆయిల్ ఒత్తిడికి లైటు తప్ప కొలత లేదు. ఆ అంకె కావాలంటే సెన్సర్ విడిగా పెట్టించుకోవలసిందే. కొన్ని రకాల కిట్లు ఇదే సాకెట్ వైర్లకు కలిపి ఉంటాయి. అటువంటి కార్లలో మీటరు కూడా తగిలిస్తే రెంటికీ పొత్తు కుదరకపోవచ్చు. కొనేముందు మెకానిక్కును అడగడం మేలు.

ఇరవై అంకెలు చూపే తెర కంటే మూడు అంకెలు సరిగా చూపేది నయం. మొదటిది నీటి వేడి. చాలా చిన్న కార్లలో వేడి ముల్లు తీసేసి లైటు మాత్రమే ఉంచారు. అది వెలిగేసరికే ఆలస్యం కావచ్చు. సాధారణంగా 90 డిగ్రీల చుట్టూ ఉండే అంకె 105 దాటి పైకి పోతుంటే బండి ఆపవలసిందే. రెండవది బ్యాటరీ వోల్టేజి. ఇంజను తిరుగుతుండగా సాధారణంగా 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. మూడవది ఫ్యూయల్ ట్రిమ్. ఇంధనం లెక్కను అసలు కంప్యూటర్ ఎంత శాతం సవరించుకుంటోందో ఇది చెబుతుంది. పెట్రోలు మీద సున్నా దగ్గర ఉండి, గ్యాస్ మీద పదిని దాటి పైకి పోతుంటే గ్యాస్ చాలడం లేదని, కిట్టు ట్యూనింగ్ చేయించాలని అర్థం. దీన్ని పట్టించుకోకుండా తిప్పితే వాల్వులకు చేటు.

ఒక్క హెచ్చరిక మరువరాదు. రెడ్యూసర్‌కు వెళ్లే నీటి గొట్టం కారి నీరంతా పోతే వేడి సెన్సర్ పొడిగా మిగిలిపోతుంది. అప్పుడు ఇంజను కాలిపోతున్నా అంకె తక్కువే చూపవచ్చు. అందువల్ల ఎంత ఖరీదైన మీటరున్నా ఇంజను చల్లగా ఉండగా ఉదయాన్నే నీళ్ల డబ్బా చూసుకోవడం మానరాదు.

ఎండ, దుమ్ము, తేమ

చేపల చెరువు గట్ల మీద దుమ్ము, కొల్లేటి తేమ, మిట్టమధ్యాహ్నపు ఎండ ఈ ప్రాంతపు కార్లకు తప్పవు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు ఏలూరు-కైకలూరు రోడ్డు పరిస్థితి అందరికీ తెలుసు. ఎండలో కనపడని తెర, రాత్రి కళ్లు చెదరగొట్టే తెర రెండూ దండగే. ప్రమాద స్థాయిని మనమే నిర్ణయించుకునే వీలు, గట్టిగా మోగే బజరు తప్పనిసరి. ఫోనుతో చూసే పద్ధతి చవకే గాని ఫోను మోగగానే అంకెలు మాయమవుతాయి. ఎయిర్‌బ్యాగ్ మూత మీద మీటరు అతికించరాదు. ఆషాఢంలో కిరాయిలు లేక బండి నిలిచిపోయే రోజుల్లో మీటరు ఊడదీయకపోతే బ్యాటరీ దిగిపోయే అవకాశం ఉంది.

చెవితోనే ఇంజను జబ్బు పట్టే పాత డ్రైవర్లు ఇవన్నీ ఎందుకని అంటారు. వారి అనుభవాన్ని తీసిపారేయలేము. అయితే అద్దాలు బిగించి, ఏసీ వేసి, పాటలు పెట్టిన కారులో ఏ చెవికి ఏమి వినిపిస్తుంది? యజమాని ఒకరు, నడిపేవారు మరొకరు అయినప్పుడు మోగే బజరే కాపలా.

కిట్లు బిగించేవారు డబ్బు తీసుకుని చేతులు దులుపుకోవడం తగదు. కిట్టు పేరు, సెన్సర్ రకం, వైర్లు ఎక్కడ కలిపారో బిల్లు మీద రాసివ్వాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కిట్టును ఆర్‌సీలో నమోదు చేయించాలి. అనుమతి లేని మార్పుకు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని ఉన్నాయి. మూడేళ్లకోసారి సిలిండర్ పరీక్షను ఏ మీటరూ గుర్తు చేయదు. ఫిట్‌నెస్‌కు వచ్చే కిరాయి డ్రైవర్లకు రవాణా శాఖ అధికారులు ఈ నాలుగు మాటలు చెబితే బాగుంటుంది.

మీటరు కొనే ముందు యజమానులు దుకాణదారుని ‘‘ఎన్ని అంకెలు చూపుతుంది?’’ అని కాక, ‘‘ఏ ఆపద ముందుగా చెబుతుంది?’’ అని అడగాలి. సూటిగా జవాబు చెప్పలేనివారి దగ్గర డబ్బు తీయకపోవడమే మంచిది.