వైఫైకి ఒక అరుగు

మన పాత ఇళ్ళు కట్టిన మేస్త్రీలు ఏ కాలేజీలోనూ చదవలేదు గాని, వాళ్ళకు తెలిసిన శాస్త్రం ఒకటి వున్నది. వీధి వైపు అరుగు, అది దాటితే సావిడి, ఆ తరువాత వంటిల్లు, పెట్టెలుండే గది. దారినపోయే బాటసారి అరుగు మీద నడుం వాల్చవచ్చు. దాహమంటే ఇల్లాలు చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇస్తుంది. అందుకోసం అతణ్ణి పెట్టెల గదిలోకి తీసుకుపోనక్కరలేదు. మర్యాదకు లోటు లేదు, ఇంటికి భయమూ లేదు.

ఇప్పటి ఇళ్ళకు అరుగులు పోయాయి. వచ్చిన చుట్టం మంచినీళ్ళకంటె ముందు వైఫై పాస్‌వర్డు అడుగుతున్నాడు. లేదనటానికి మనకు నోరు రాదు, చెప్పేస్తాం. చెప్పింది ఏమిటో మాత్రం ఆలోచించం. మనం ఇచ్చింది గ్లాసుడు నీళ్ళు కాదు, ఇంటి తాళపుచెవి.

ఎలాగంటారా? ఇంట్లో వైఫై ఇచ్చే రౌటరును ఒంటిగది ఇల్లనుకోండి. పాస్‌వర్డు తెలిసిన ప్రతి ఫోనూ ఆ గదిలో వచ్చి కూర్చున్నట్టే. అబ్బాయి లాప్‌టాపు, ప్రింటరు, టీవీ, వీధి గుమ్మం మీది కెమెరా అన్నీ అక్కడే వుంటాయి, ఒకదాన్నొకటి పలకరించగలవు. వచ్చిన ఫోనులో దాని యజమానికే తెలియని దొంగ ప్రోగ్రాము ఏదైనా దాగి వుంటే, తక్కినవాటి తలుపులు తట్టి చూడటానికి దానికి వీలు చిక్కుతుంది. పైగా ఫోను ఒకసారి తెలిసిన పాస్‌వర్డును మరవదు. చుట్టం ఊరికి వెళ్ళినా అది ఆయన జేబులోనే వుంటుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 మొదలు, ఆ పాస్‌వర్డును క్యూఆర్ బొమ్మగా తెర మీద చూపించి మరొకరికి అందించే వసతి కూడా వున్నది.

దీనికి విరుగుడు అరుగే. చాలా రౌటర్లలో ‘గెస్ట్ నెట్‌వర్క్’ అనే ఏర్పాటు వుంటుంది. అదే యంత్రం, అదే కనెక్షను, నెలకు అదే బిల్లు. ఫోనులో మాత్రం రెండు పేర్లు కనిపిస్తాయి. రెండో పేరుతో కలిసిన ఫోనుకు ఇంటర్నెట్ దొరుకుతుంది, ఇంట్లోని వస్తువులు దొరకవు.

పెట్టుకోవటం పెద్ద పనేమీ కాదు. రౌటరు అడుగున అంటించిన చీటీ మీద దాని చిరునామా, పాస్‌వర్డు సాధారణంగా వుంటాయి. ఇంటి వైఫైలో వున్న ఫోనులో బ్రౌజరు తెరిచి ఆ చిరునామా కొట్టండి; తరచు అది 192.168.1.1 గాని, 192.168.0.1 గాని అయివుంటుంది. లోపలికి వెళ్ళగానే మొదట చెయ్యవలసింది, రౌటరును తెరిచే ఆ పాస్‌వర్డును మార్చటం. పిమ్మట గెస్ట్ నెట్‌వర్క్‌కు ఒక పేరు, ఒక పాస్‌వర్డు ఇచ్చి, రక్షణ పద్ధతి డబ్ల్యుపిఎ2 గాని, కొత్త యంత్రమైతే డబ్ల్యుపిఎ3 గాని ఎన్నుకోండి. అతిథులు లోపలి వస్తువులను చూడవచ్చునా అని అడిగే గడి వుంటే, అక్కడ టిక్కు తీసెయ్యండి. చివరకు ఇంటివాళ్ళ వైఫై పాస్‌వర్డు కూడా మార్చాలి. లేకపోతే ఇన్నేళ్ళుగా పంచిపెట్టిన తాళపుచెవులన్నీ పనిచేస్తూనే వుంటాయి.

ఒక హెచ్చరిక. కొన్ని రౌటర్లలో గెస్ట్ అన్న మాట వుండదు, రెండో పేరు పెట్టుకునే వీలు మాత్రం వుంటుంది. రెండు పేర్లున్నంత మాత్రాన రెండు గదులైనట్టు కాదు. ఒకే గదికి రెండు తలుపులు కావచ్చు. ఫోనును రెండో పేరుతో కలిపి ఇంట్లోని ప్రింటరు కోసం వెతికించండి. కనబడిందా, నడుమ గోడ లేనట్టే. కనెక్షను ఇచ్చినవారిని పిలిచి ఆ గోడ పెట్టించండి.

కెమెరాలు, ఇంటర్నెట్‌తో పనిచేసే బల్బులు కూడా అరుగు మీదనే వుండటం మేలు. 2016లో ‘మిరాయ్’ అనే దొంగ ప్రోగ్రాము, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రౌటర్లను వేలకువేలు లొంగదీసుకొని, ఆ సైన్యంతో అక్టోబరు 21న ట్విట్టర్ వంటి పెద్ద వెబ్‌సైట్లనే కొన్ని గంటలపాటు చాలామందికి అందకుండా చేసింది. ఫోనులోని బొమ్మను టీవీ మీద చూసే అలవాటుంటే మాత్రం రెండూ ఒకే వైపు వుండాలి.

అరుగు మనదే అన్న సంగతి మరవకూడదు. 2008 జులై 26న అహమ్మదాబాదులో బాంబులు పేలటానికి కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక ఈమెయిలు వచ్చింది. పోలీసులు ఆనవాలు పట్టుకొని వెళితే అది నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఉద్యోగి ఇల్లు. ఆయనకు ఏ పాపమూ తెలియదు. తాళం లేని ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. అయినా జవాబు చెప్పుకోవలసి వచ్చింది ఆయనే. కాబట్టి గెస్ట్ నెట్‌వర్క్‌కు పాస్‌వర్డు వుండి తీరాలి. పండగ రద్దీ తగ్గాక దాన్ని మార్చాలి.

ఇక అసలు చిక్కు యంత్రంతో కాదు, మన మొగమాటంతో. “కేబులు కుర్రాడికి బయటిదిద్దాం, అల్లుడికి కూడా బయటిదేనా? ఏమనుకుంటాడో!” అని అత్తగారి బెంగ. అల్లుడు బంగారంలాంటివాడే కావచ్చు. ఆయన ఫోనులో పిల్లలు దించుకున్న ఆటలు ఎలాంటివో ఆయనకే తెలియదు. మనం జాగ్రత్తపడేది మనిషి గుణాన్ని చూసి కాదు, జేబులోని యంత్రాన్ని చూసి. అందుచేత ఇంట్లో కాపురముండేవారికి లోపలిది, తక్కిన అందరికీ బయటిది. ఇందులో పంక్తిభేదం వద్దు. పాత అరుగుకు ఒక మచ్చ వున్నది: కొందరిని ఎన్ని తరాలైనా అది దాటనివ్వలేదు. ఆ మచ్చ ఈ అరుగుకు అంటకూడదు. అల్లుడూ కేబులు కుర్రాడూ పక్కపక్కన కూర్చుంటేనే ఎవరికీ చిన్నతనం వుండదు.

అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడని పెద్దలు అర్థం చెప్పారు. ఆయన వచ్చాక రౌటరు ముందు తడుముకోవటం బాగుండదు. గెస్ట్ పాస్‌వర్డును పెద్ద అక్షరాలతో రాసి ముందుగదిలో పెట్టండి. చుట్టం నోరు తెరిచి అడగనక్కరలేకుండా చీటీ చూపించి, ఈలోగా మంచినీళ్ళు తీసుకురండి.