‘ఇంకా బాగా రాయాలి’... ఎలాగండీ?

మొన్న మా చిన్నది తెలుగు నోట్సు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఎనిమిదో తరగతి. సంక్రాంతి మీద వ్యాసం. పేజీకి అడ్డంగా ఎర్ర ఇంకుతో ఒకే మాట: ‘ఇంకా బాగా రాయాలి’.

“ఎలా రాయాలమ్మా?” అంది. దానికి జవాబు ఆ పేజీలో ఎక్కడా లేదు.

నాకు ఒళ్ళు మండింది. ముద్ద నోట్లో పెట్టుకుని “ఇంకా బాగా వండాలి” అని లేచిపోయే మొగుడి మాటకీ దీనికీ తేడా ఏముంది? ఉప్పు తగ్గిందనో పోపు మాడిందనో అంటే రేపు సరిచేసుకుంటాం. ఊరికే ‘గుడ్’ అని నక్షత్రం వేసేయడం కూడా ఇలాంటిదే.

బీఏలో తెలుగు చదివినదాన్ని కదా, కూర్చుని మొత్తం చదివాను. తప్పులు లేవనను. నీళ్ళు ‘నీల్లు’ అయ్యాయి, పళ్ళు ‘పల్లు’ అయ్యాయి. రెండు వాక్యాలకో ‘మరియు’. కానీ వాళ్ళ నాయనమ్మ అరిసెల పాకం చుక్క నీళ్ళ గిన్నెలో వేసి ఉండ కడుతోందో లేదో చూడటం ఎంత ముచ్చటగా రాసిందో! దాని పక్కన చిన్న టిక్కు కూడా లేదు. “ఇలా కళ్ళతో చూసినవి ఇంకో రెండు రాయి, మరియులు తీసెయ్, ళ చూసుకో” అన్నాను. అరగంటలో తిరగరాసేసింది.

టీచర్లకి తీరికేదీ అంటారు. నిజమే, క్లాసుకి నలభై యాభై నోట్సులు. అన్ని తప్పులూ దిద్దమనడం లేదమ్మా. ఒక్క తప్పు, అది దిద్దుకునే దారి, రెండు లైన్లు చాలు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం అని రాసే ఉంది. అది కాస్తా ఎఫ్‌ఏ వన్, ఎఫ్‌ఏ టూ అంటూ మార్కుల గళ్ళై కూర్చుంది.

పేరెంట్స్ మీటింగులో ఈ మాటే అడిగితే ఆ టీచరమ్మ ముందు ముఖం ముడుచుకుంది. తర్వాత మెల్లిగా, “మా సారు నా క్లాసుకొచ్చి చూసి ‘ఇంప్రూవ్ కావాలి’ అని రాసి వెళ్ళారండీ. ఏమిటో ఆయనా చెప్పలేదు” అంది. పాపం అనిపించింది, కోపం మాత్రం పోలేదు. తనకి మంట పుట్టించిన మాటనే పిల్ల నోట్సులో ఎలా రాసింది?

వచ్చే మీటింగుకి ఆ నోట్సు తీసుకెళ్తున్నాను. ఈసారి పెద్దసారు గదిలోకే.