పగిలిన చేతులు - పరిమళపు సబ్బు

సబ్బును గూర్చి కళాశాల సంచికలో వ్యాసమా అని పాఠకులు నవ్వుకొనవచ్చును. ఉర్దూలో సాబున్ అన్నా, తెలుగులో సబ్బు అన్నా మనకది పరిమళాన్ని బట్టి, పైకాగితపు రంగును బట్టి ఎన్నుకొనే చిన్న వస్తువు. కాని ఆ చిన్న వస్తువు ఒక విద్యార్థిని దస్తర్‌ఖాన్‌కు దూరం చేయగలదని గత సంవత్సరం మన వసతిగృహంలో కళ్ళారా చూచాను.

అతని వ్రేళ్ళ సందులు ఎర్రబారి, చర్మం పగిలి ఉండేది. తోటివారు గజ్జి అనుకొని భయపడ్డారు. అతడు తన పళ్ళెం తీసుకొని మూలకు పోయేవాడు. చర్మవైద్యుడు పరీక్షించి చెప్పిన మాట వేరు. అది అంటువ్యాధి కాదు. చేతులు కడుగుకొనేచోట ఉంచిన సబ్బులోని సువాసన ద్రవ్యం అతనికి సరిపడలేదు. ఆ సబ్బు మానిన కొన్ని వారాలకు చేతులు కుదుటపడ్డాయి. మూలన గడచిన ఆ దినాలను మాత్రం ఎవరు తిరిగి ఇవ్వగలరు?

ఇందులోని శాస్త్రం సులభమే. నూనె లేక కొవ్వు క్షారంతో కలసి సబ్బు అవుతుంది. చర్మపు ఉపరితలం స్వల్పంగా ఆమ్లగుణం కలది, దాని పి.హెచ్. సుమారు 5. మామూలు సబ్బు నురుగుది 9 నుండి 10 వరకు ఉంటుంది. కనుక సబ్బు మురికితోపాటు చర్మాన్ని కాపాడే కొవ్వును కూడా కొంత హరిస్తుంది. ఈ పొడితనం, మంట ఎవరికైనా కలుగవచ్చును. అలర్జీ వేరు. శరీరం ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకొని, అది తగిలినప్పుడెల్లా తిరగబడుతుంది. సువాసన ద్రవ్యాలు, ద్రవరూపపు సబ్బులు చెడకుండా కలిపే కొన్ని రసాయనాలు ఇందుకు ప్రధాన కారణాలు.

మరి ఎన్నిక ఎట్లా? పైకాగితంపై టి.ఎఫ్.ఎం. అనే అంకె ఉంటుంది. అది సబ్బులోని కొవ్వు పదార్థపు పాలు. భారతీయ ప్రమాణాల ప్రకారం మొదటి తరగతి సబ్బులో అది 76 శాతానికి తగ్గరాదు. ‘బేతింగ్ బార్’ అని వ్రాసినదానిలో 40 శాతమున్నా చాలును. అయితే అంకె ఎక్కువైనంత మాత్రాన సువాసన లేదని కాదు. పదార్థాల పట్టికను కూడా చదవాలి. ‘ప్రకృతిసిద్ధం’ అనే మాటకు లొంగిపోరాదు. పూలనుండి, ఆకులనుండి తీసిన సుగంధ తైలాలు సైతం కొందరికి పడవు. కొత్త సబ్బును మోచేతి లోపలివైపు కొద్ది మేర రోజుకు రెండుసార్లు చొప్పున వారం, పది దినాలు రుద్ది, మామూలుగానే కడిగి చూడాలి. దద్దురు, దురద లేకపోతే వాడవచ్చును. అప్పటికీ బాధ తగ్గనివారు వైద్యుని చేత ప్యాచ్ పరీక్ష చేయించుకొనాలి.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. భోజనశాలలో, వజూఖానాలో, ప్రయోగశాలలో సువాసన లేని సబ్బునే ఉంచండి. ఒక్కరి కోసం అందరి సబ్బు మార్చాలా అని అడుగవచ్చును. పరిమళం లేనందువల్ల ఎవరికీ నష్టం లేదు. ఉన్నందువల్ల కొందరికి కష్టముంది. క్రిమిసంహారక సబ్బే శ్రేష్ఠమని వాదించవచ్చును. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ట్రైక్లోసాన్‌తోపాటు మరి 18 పదార్థాలను అటువంటి సబ్బులలో నిషేధించింది. మామూలు సబ్బు, నీటికన్న అవి మేలని తయారీదారులు నిరూపించలేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

విద్యార్థులారా! పగిలిన చేయి మురికి చేయి కాదు. పలుమార్లు కడుగుకొన్నందువల్లనే పగిలిన చేయి కావచ్చును. అటువంటి మిత్రుడు కనబడితే జరగి పోకండి, జరిగి చోటివ్వండి. సబ్బు దేహాన్ని శుభ్రపరచగలదు. మనస్సులోని జంకును కడుగుకొనవలసినది మనమే.