తాళంచెవి డాలస్‌లో... దిగులు హన్మకొండలో!

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. కొడుకు అమెరికాలో ఇల్లు కొంటుంటే హన్మకొండలో కూర్చుని చూడమని మాత్రం అనలేదు. ఆ అవస్థ వాళ్లకు తెలీదు మరి!

మా వీధిలో ఓ రిటైర్డ్ లెక్కల సారు ఉన్నారు. కొడుకు వరంగల్ నిట్‌లో చదివి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్నామధ్య సారు నన్ను గేటు దగ్గరే ఆపేశారు. ''పేపర్ల పనిచేస్తవు గదా, చెప్పు. మావాడు ఇల్లు కొంటడట. నయీంనగర్ ప్లాటు అమ్మి ముప్పై లక్షలు పంపుదామనుకుంటున్న. పంపనిస్తరా?''

పంపనిస్తారు. కానీ ఆ ముందూ వెనకా చాలా కథ ఉంది.

అమెరికాలో ఇల్లు కొనడానికి పౌరసత్వం అక్కర్లేదు, గ్రీన్‌కార్డూ అక్కర్లేదు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకీ అప్పు దొరుకుతుంది. ముందుగా చూసేది క్రెడిట్ స్కోరు. 300 నుంచి 850 దాకా ఉండే ఈ అంకె మనిషి ఎంత సంపాదిస్తున్నాడో చెప్పదు, తీసుకున్న అప్పు ఎంత బుద్ధిగా తీరుస్తున్నాడో చెబుతుంది. మన దగ్గర అప్పు లేదంటే గౌరవం. అక్కడ ఎన్నడూ అప్పు చేయనివాడికి అప్పు పుట్టడమే కష్టం!

జీతం కాగితాలు, పన్ను రిటర్నులు చూసి 'ఇంతదాకా ఇస్తాం' అని బ్యాంకు ముందే ఓ ఉత్తరం ఇస్తుంది. అది చేతిలో ఉంటేనే అమ్మేవాళ్లు నమ్ముతారు. ధర కుదిరాక కొంత బయానా. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ వచ్చి కప్పు నుంచి పునాది దాకా పరీక్షిస్తాడు. ఆ ఇంటిమీద ఎవరి బాకీలైనా ఉన్నాయా అని వెతికిస్తారు. మనం ఈసీ తీయించినట్టే. పైగా దానికి బీమా కూడా. చివరి సంతకాల రోజుకి ఖర్చులే అప్పు మొత్తంలో రెండు నుంచి అయిదు శాతం దాకా అవుతాయి.

ఇక లెక్క. అయిదు లక్షల డాలర్ల ఇల్లు అనుకుందాం. ఇరవై శాతం, అంటే లక్ష డాలర్లు చేతినుంచి పెట్టాలి. అంతకన్నా తగ్గితే చాలా అప్పులకు అదనంగా బీమా కట్టాలి. మిగతా నాలుగు లక్షలు ఆరున్నర శాతం వడ్డీకి 30 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 2,528 డాలర్లు. మొత్తం కట్టేది తొమ్మిది లక్షల పైమాటే! టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ లోటు ఇంటిపన్నులో తెలుస్తుంది. రెండు శాతం వేసుకున్నా ఏడాదికి పదివేల డాలర్లు. అప్పు తీరిపోయినా ఇది తీరదు.

అన్నిటికన్నా గుబులు పుట్టించే అంకె వేరే ఉంది... 60. హెచ్1బీ ఉద్యోగం పోతే మరో ఉద్యోగం వెతుక్కోవడానికో, వీసా మార్చుకోవడానికో సాధారణంగా ఉండే గడువు అరవై రోజులే. అప్పు చూస్తే ముప్పై ఏళ్లు!

ఇప్పుడు మనవైపు. రిజర్వు బ్యాంకు 2004లో ఏడాదికి 25 వేల డాలర్లతో మొదలుపెట్టిన సదుపాయం ఇప్పుడు మనిషికి రెండున్నర లక్షల డాలర్లు. పిల్లలకు బహుమతిగా పంపొచ్చు. అయితే 2025 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఇలా పంపే డబ్బు ఏడాదిలో పది లక్షలు దాటితే, దాటిన సొమ్ముమీద ఇరవై శాతం పన్ను బ్యాంకే ముందుగా పట్టుకుంటుంది. సారు ముప్పై లక్షలు పంపాలంటే మరో నాలుగు లక్షలు చేతిలో ఉండాలి. రిటర్నులు వేశాక సర్దుబాటవుతుంది, కట్టాల్సిన పన్నుకన్నా ఎక్కువైతే తిరిగొస్తుంది. కానీ అప్పటిదాకా ఆగాలి. ప్లాటు అమ్మిన లాభంతో ఇల్లు కొంటే దొరికే పన్ను మినహాయింపు కూడా, 2014 బడ్జెట్ సవరణ తర్వాత, మన దేశంలో కొన్న ఇంటికే. 'ఇది అప్పు కాదు, తిరిగి అడగం' అని తల్లిదండ్రులు రాసిచ్చిన కాగితం అక్కడి బ్యాంకు అడుగుతుంది.

ఆ చివరి మాట దగ్గర సారు నవ్వారు. ''తిరిగి అడగమని రాసియ్యాల్నా? మేమెప్పుడడిగినం!''

లోపల్నుంచి మేడం అందుకున్నారు. ''వాడు తిరిగొస్తే ఇల్లు కట్టుకుంటడనే గద ఆ ప్లాటు కొన్నం...''

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

వారం తర్వాత సారు కనిపించారు. కొడుకుని ఒకటే ప్రశ్న అడిగారట. ''ఉద్యోగం పోతే ఎన్ని నెలల కిస్తులు కట్టగలవు?'' అటునుంచి కాసేపు జవాబు లేదట. తర్వాత ''రెండు'' అన్నాడట. ఏడాది కిస్తులు దాచాకే కొందామని ఇద్దరూ ఒప్పుకున్నారు. అప్పుడు సారు తన దాంట్లోంచి తొమ్మిది లక్షలు పంపుతారు.

ప్లాటు? అమ్మట్లేదు. మేడం నిన్ననే అక్కడో వేపమొక్క నాటించి వచ్చారు.